డాలస్‌లో ఫిషింగ్ బోటు కొంటున్నా: ట్రాకరా, లండా?

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా లూయిస్‌విల్ లేక్ గట్టు మీద నిలబడే గాలం వేస్తున్నా. ఇక సొంత బోటు కొందామని సెకండ్‌హ్యాండ్‌లో రెండు చూశాను: ట్రాకర్ ప్రో టీమ్ 175, లండ్ ఇంపాక్ట్. రెండూ అల్యూమినియంవే. ఫైబర్‌గ్లాస్ బరువని వదిలేశా, మా టయోటా హైలాండర్ కారు 5000 పౌండ్లే లాగుతుంది. ట్రెయిలర్, మోటారు, పెట్రోలు అన్నీ అందులోనే సరిపోవాలి.

ట్రాకర్ ముందు డెక్ విశాలం, నిలబడి బాస్ చేపలు పట్టడానికి హాయి. కానీ పక్కలు తక్కువ ఎత్తు. మార్చిలో దక్షిణపు గాలి లేచినప్పుడు అలాంటిదే ఒక ఫ్రెండ్ బోటులో ఉన్నా. ఒడ్డు చేరేసరికి ఒళ్లోని పులిహోర డబ్బాలోకీ నీళ్లొచ్చాయి! లండ్ అడుగు లోతైన వి ఆకారం, అలని కోసుకుంటూ పోతుంది. పక్కలూ ఎత్తే, ఎనిమిదేళ్ల మా పాపకి భద్రం.

వీటిలో ఏదైనా వాడుతున్నవాళ్లు చెప్పండి. ఎత్తు పక్కలకి గాలి పట్టి, ట్రోలింగ్ మోటారు (బోటుని మెల్లగా నడిపే చిన్న ఎలక్ట్రిక్ మోటారు) ఉన్నా బోటు జరిగిపోతుందా? ఇక్కడి టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ చెరువులో నీళ్లకింద మొద్దులెక్కువ కదా, లండ్ రేకుల్ని కలిపే రివెట్లు తట్టుకుంటాయా, ట్రాకర్ వెల్డింగే మేలా? కొన్నాక మీకు బాగా నచ్చిందేమిటి? శనివారం అడ్వాన్స్ ఇవ్వాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.