వాలెట్ సర్వీసు మూసేశారు, గడువు దాటిపోయింది. కాయిన్లు ఇంకా నావేనా?

మూసినతలుపు
ఏడేళ్ళ కింద ఒక ఆన్‌లైన్ వాలెట్‌లో 0.41 బిట్‌కాయిన్ వేసి మర్చిపోయాను. పోయిన నెల లాగిన్ అవుదామని చూస్తే సైటే లేదు. ఆ చోట ఒకే ఒక్క పేజీ: "సేవలు నిలిపివేశాం. విత్‌డ్రాయల్ గడువు ముగిసింది." పాత మెయిల్ బాక్సు తెరిచి వెతికితే మూడు నోటీసులు కనిపించాయి. మూడూ ప్రమోషన్స్ ట్యాబ్‌లో, డిస్కౌంట్ మెయిళ్ళ మధ్య పడి ఉన్నాయి. మొదటి నోటీసు నుంచి గడువు దాకా మొత్తం 60 రోజులు.

హ్యాక్ జరగలేదు, దివాలా తీయలేదు. వ్యాపారం చాలనుకుని మూసుకున్నారు, అంతే. సపోర్ట్‌కి రాస్తే ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "గడువులోపు తీసుకోని బ్యాలెన్సులపై ఖాతాదారులకు ఇక హక్కు ఉండదు."

తలుపు మూసుకునే హక్కు వాళ్ళకుంది, కాదనను. లోపల ఉండిపోయిన నా సొమ్ము వాళ్ళదెలా అయింది? ఇదే నా ప్రశ్న. ఉత్తరాలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయను, అడగకండి.

నిబంధన_చదివా
చేదుగా ఉంటుంది గానీ చెప్తాను బ్రదర్. ఖాతా తెరిచిన రోజు నిబంధనలకు టిక్ పెట్టింది మీరే. వాళ్ళు మూడుసార్లు చెప్పారు. మీరు మెయిల్ చూసుకోకపోతే తప్పు వాళ్ళదా? కాయిన్లను కదిలించే రహస్య కీలు తమ దగ్గర ఉన్నన్నాళ్ళూ సర్వర్లు నడపాలి, సెక్యూరిటీ చూసుకోవాలి, దొంగలకు భయపడాలి. ఒక్క రాబడి లేకుండా ఎన్నాళ్ళు కాపలా కాస్తారు? ఎక్కడో ఒకచోట గీత గీయాల్సిందే. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి: ఏడేళ్ళు తిరిగి చూడని సొమ్ము మీద ఇవాళ్టి రేటు చూశాకే ప్రేమ పుట్టింది కదా?

మూసినతలుపు
రేటు చూసే గుర్తొచ్చింది, ఒప్పుకుంటాను. అయినా మర్చిపోవడం వేరు, వదులుకోవడం వేరు అన్నా.

హాష్‌పిచ్చి
హక్కుల సంగతి తర్వాత. ముందు అసలు ఆ వాలెట్ ఏ రకమో తేల్చండి. ఎందుకంటే కొన్నిటిలో కంపెనీ మూతపడ్డా కాయిన్లకు ఏమీ కాదు.

కొన్ని వెబ్ వాలెట్లు కీని మీ బ్రౌజర్‌లోనే తయారుచేసి, మీ పాస్‌వర్డ్‌తో తాళం వేసి, ఆ తాళం వేసిన ఫైలును మాత్రమే తమ సర్వర్‌లో పెట్టుకుంటాయి. అలాంటిదైతే కీని తిరిగి పుట్టించే 12 లేదా 24 పదాల జాబితా గానీ, బ్యాకప్ ఫైలు గానీ మీ దగ్గర ఉండాలి. మా బావగారిది ఇదే కథ. సర్వీసు పోయింది, పాస్‌వర్డ్ సగమే గుర్తుంది. పాత పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఫైలు దొరికింది. నెట్ తీసేసిన కంప్యూటర్‌లో కూర్చుని, ఆయనకు అప్పట్లో ఉన్న అలవాట్లు ఒక్కొక్కటీ రాయించాను. మొదటి అక్షరం పెద్దది, చివర ఆశ్చర్యార్థకం, మధ్యలో బండి నంబరు. ఆ కలయికలన్నీ ప్రోగ్రామ్ చేత ప్రయత్నింపజేస్తే మూడో రోజు సాయంత్రం తెరుచుకుంది, లోపల ఆ పదాలున్నాయి. తీరా చూస్తే బ్యాలెన్స్ సున్నా! ఆయన మొహం పాలిపోయింది. విషయం ఏమిటంటే, ఒకే పదాల నుంచి చిరునామాలు పుట్టించే దారి అన్ని వాలెట్లలో ఒకటే కాదు. పాత సర్వీసు వాడిన దారి పెట్టగానే కాయిన్లు కనిపించాయి. పదాలు కరెక్టే అయినా సున్నా చూపిస్తోందంటే వెంటనే ఆశ వదిలేసుకోవద్దు.

ముందుచూపుతో కట్టినవీ ఉన్నాయి. గ్రీన్‌అడ్రెస్ అనే వాలెట్‌లో కీలు రెండుండేవి, ఒకటి మీది, ఒకటి వాళ్ళది. వాళ్ళు రేపు లేకపోతే ఎలా అన్నదానికి, కొంతకాలం తర్వాతే చెల్లే లావాదేవీ మీద వాళ్ళ సంతకం ముందే పెట్టి మెయిల్‌లో పంపేవాళ్ళు. కంపెనీ మాయమైనా, ఆ గడువు గడిచాక మీ సంతకం మీరు పెట్టుకుని డబ్బు తెచ్చుకునే వీలుండేది.

మూసినతలుపు
నాకు పదాలేవీ ఇవ్వలేదు. మెయిల్, పాస్‌వర్డ్, ఓటీపీ, అంతే. నేను డిపాజిట్ చేసిన చిరునామాను ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే లావాదేవీలు ఎవరైనా చూడగలిగే సైటులో, వేసి చూశాను. సాయంత్రం 0.41 వచ్చింది. అదే రాత్రి ఇంకో ముప్పై చిరునామాల సొమ్ముతో కలిపి ఒకే లావాదేవీలో ఎక్కడికో పోయింది. అంటే ఆ రోజే కాజేశారా?

హాష్‌పిచ్చి
లేదు, అది మామూలే. డిపాజిట్లన్నీ ఊడ్చి ఒక పెద్ద కుండలో పోస్తారు. దాంతో ఒకటి తేలిపోయింది: కీ మీది కాదు, ఎప్పుడూ కాలేదు. చైన్ మీద, అంటే లావాదేవీలన్నీ నమోదయ్యే బిట్‌కాయిన్ ఉమ్మడి పద్దులో, మీ పేరున ఏమీ లేదు. ఉన్నదల్లా వాళ్ళ డేటాబేస్‌లో ఒక వరుస. కాబట్టి మీ వేట ఇక కాయిన్ల కోసం కాదు, ఆ వరుస కోసం. దాన్ని చెరిపేయొద్దని ఇవాళే రాయండి.

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు
"మా హ్యాకర్ టీమ్ కాయిన్లు వెనక్కి తెప్పిస్తుంది, పది శాతం ముందు కట్టండి" అని వచ్చిన పోస్టు తీసేశాను. మూసినతలుపు గారూ, మీ ఇన్‌బాక్స్‌కీ వచ్చే ఉంటుంది. ఖరారైన లావాదేవీని వెనక్కి తిప్పే హ్యాకర్ ఎవడూ లేడు. సొమ్ము పోయినవాళ్ళ కోసమే ఇలాంటి చర్చల చుట్టూ కాసుకుని ఉంటారు.

మూసినతలుపు
రెండు వచ్చాయి. ఒకడైతే కోర్టు ముద్ర కూడా పంపాడు.

కాగితంపులి
అసలు ప్రశ్నకొద్దాం. "నావా, కంపెనీవా" అన్నది కోర్టుల దాకా వెళ్ళిన ప్రశ్నే. న్యూజిలాండ్‌లో క్రిప్టోపియా అనే, కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీ 2019 జనవరిలో హ్యాక్ అయింది, మే నెలలో లిక్విడేషన్‌కి, అంటే కంపెనీని మూసి ఉన్న ఆస్తులు పంచే ప్రక్రియకి వెళ్ళింది. మిగిలిన కాయిన్లు ఖాతాదారులవా, కంపెనీకి అప్పిచ్చినవాళ్ళందరూ పంచుకోవాలా అన్నది వివాదం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు తేల్చింది: క్రిప్టో కూడా ఆస్తే, కంపెనీ దాన్ని ఖాతాదారుల తరఫున ట్రస్టుగా పట్టుకుని ఉంది, ఒక్కో రకం కాయిన్‌కి ఒక్కో ట్రస్టు. అక్కడా కాయిన్లన్నీ కలిపి ఒకే కుండలో ఉన్నాయి. అక్కడా కీలు కంపెనీవే. అయినా సొమ్ము కంపెనీది కాలేదు.

రెండో వైపు కూడా చెప్పాలి. అమెరికాలో సెల్సియస్ అనే క్రిప్టో అప్పుల కంపెనీ 2022 జులైలో దివాలా పిటిషన్ వేసింది. వడ్డీ వచ్చే "ఎర్న్" ఖాతాల నిబంధనల్లో యాజమాన్యం కంపెనీకి బదిలీ అవుతుందని ఉంది. 2023 జనవరిలో జడ్జి మార్టిన్ గ్లెన్ ఆ వాక్యాన్ని పట్టుకుని, అందులోని కాయిన్లు కంపెనీవేనని తీర్పిచ్చారు. సుమారు 6 లక్షల ఖాతాలు, 420 కోట్ల డాలర్ల పైమాట. ఆ ఒక్క వాక్యం లేకపోతే కథ వేరేగా ఉండేది.

అందుకే తమ్ముడూ, "న్యాయం నా వైపు ఉంది" అనుకుని కూర్చోవద్దు. నువ్వు ఖాతా తెరిచిన రోజు నిబంధనల్లో యాజమాన్యం గురించి ఏ మాట ఉందో అది కావాలి. ఇవాళ్టి నిబంధనలు కాదు, ఆ రోజువి.

నిబంధన_చదివా
మేడమ్, క్రిప్టోపియా సగమే చెప్పారు. ఆ లిక్విడేటర్ల ఖర్చులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఖాతాదారుల కాయిన్ల నుంచే. పంపిణీ మొదలయ్యేసరికి 2024 చివరికొచ్చింది. దానికీ కటాఫ్ తేదీలు పెట్టారు. గడువు అన్నది కోర్టులకూ తప్పలేదు కదా.

కాగితంపులి
అవును, పెట్టారు. కోర్టు అనుమతితో, నోటీసుల మీద నోటీసులిచ్చి, ఏళ్ళ తర్వాత పెట్టారు. సొమ్ము దాచుకున్నవాడే గడువు పెట్టి, అది దాటగానే తనే జేబులో వేసుకోవడం వేరు కాదూ? గడువు పెట్టడం మీద నాకేం తగాదా లేదు. గడువు దాటితే లాభం ఎవరికి అన్నదే నా తగాదా.

చూస్తున్నా
👏 ఇది.

పాతకాపు_2011
మీరంతా చిన్నపిల్లల్లా ఉన్నారు, మా కాలం చెప్తాను. 2011లో మైబిట్‌కాయిన్ అనే వాలెట్ ఒకరోజు చడీచప్పుడు లేకుండా మాయమైంది. కొన్నాళ్ళకు తిరిగొచ్చి, 51 శాతం దొంగలు పట్టుకుపోయారు, తలా 49 శాతం తీసుకోండి అన్నారు. నేనూ తీసుకున్నాను. నడిపేదెవరో కూడా మాకు తెలీదు. 2013 ఏప్రిల్‌లో ఇన్‌స్టావాలెట్ పోయింది. దానికి పాస్‌వర్డే లేదు, వాలెట్ వెబ్ అడ్రసే తాళం చెవి! డేటాబేస్‌లోకి ఎవరో చొరబడ్డారని మూసేసి, 90 రోజుల పాటు క్లెయిములు తీసుకున్నారు. 50 బిట్‌కాయిన్ల లోపు ఉన్నవాళ్ళకు తిరిగిస్తామన్నారు, ఆ పైవాళ్ళవి ఒక్కొక్కటిగా చూస్తామన్నారు.

దొంగలు పడిన ఇల్లే 90 రోజులిచ్చింది. ఏ దొంగా పడని మీవాళ్ళు 60కి సరిపెట్టారు.

నిబంధన_చదివా
బాబాయ్, ఆ పంచు బాగుంది గానీ అది వాదన కాదు :) సరే, ఒక మెట్టు దిగుతాను. హక్కు పోలేదనే అనుకుందాం. అప్పుడైనా ఎంత ఇవ్వాలి? మూసిన రోజు రేటు ప్రకారం డబ్బు ఇవ్వాలి. ఆ రోజుతో ఒప్పందం అయిపోయింది. ఆ తర్వాత రేటు పెరిగితే అది మీ తెలివి వల్ల కాదు, తగ్గి ఉంటే కాయిన్లే ఇమ్మని అడిగేవారూ కాదు.

కాగితంపులి
అసలు చిక్కు ఇక్కడే ఉంది. మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజీ 2014 ఫిబ్రవరిలో టోక్యోలో దివాలా తీసింది. 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనపడటం లేదన్నారు, తర్వాత పాత వాలెట్‌లో 2 లక్షలు దొరికాయి. క్లెయిములను 2014 ఏప్రిల్ రేటుకు, అంటే కాయిన్‌కి సుమారు 50 వేల యెన్‌లుగా లెక్కగట్టారు. తర్వాత రేటు ఎన్నో రెట్లు పెరిగింది. దాంతో వింత పరిస్థితి వచ్చింది. ఆ పాత రేటుకు అందరి బాకీ తీర్చేసినా బోలెడు మిగులుతుంది, దివాలా చట్టం ప్రకారం ఆ మిగులు వాటాదారులకు పోతుంది. అంటే కస్టమర్ల కాయిన్లు పెరిగిన లాభం కంపెనీ యజమానులకు! ఖాతాదారులు పోరాడితే 2018 జూన్‌లో కోర్టు కేసును సివిల్ రీహాబిలిటేషన్‌కి, అంటే ప్లాన్ వేసుకుని బాకీలు తీర్చే పద్ధతికి మార్చింది. 2024 జులైలో బిట్‌కాయిన్, దాని నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ రూపంలో చెల్లింపులు మొదలయ్యాయి. పదేళ్ళు పట్టింది, అయినా చాలావరకు కాయిన్లుగానే వచ్చాయి. ఇంకోటి, ఆ పద్ధతిలో క్లెయిమ్ వేయనివాళ్ళ బాకీని కూడా కోర్టు పెట్టిన ట్రస్టీ తనంతట తాను ఒప్పుకునే వీలుంది. గడువు మిస్సైనవాళ్ళకు అది ఎంత పెద్ద విషయమో చూడు తమ్ముడూ.

నిబంధన_చదివా
మరి ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ? 2022 నవంబరులో దివాలా పిటిషన్ వేసిన నాటి రేటే అందరికీ, బిట్‌కాయిన్‌కి 16,871 డాలర్లు. ప్లాన్ ఆమోదం పొందిన 2024 అక్టోబరుకి రేటు 60 వేలు దాటింది. అయినా కోర్టు అదే లెక్క ఒప్పుకుంది.

హాష్‌పిచ్చి
ఎఫ్‌టీఎక్స్‌లో కుండ ఖాళీ బాస్. కస్టమర్లు తమవనుకున్న బిట్‌కాయిన్లలో 0.1 శాతమే ఎక్స్ఛేంజీలో ఉన్నాయని కొత్త యాజమాన్యమే చెప్పింది. లేని కాయిన్లు ఎక్కడి నుంచి తెచ్చిస్తారు? అక్కడక్కడా దొరికిన ఆస్తులు అమ్మి డాలర్లు పంచారు. రకరకాల కాయిన్లవాళ్ళు ఒకే డబ్బు కోసం క్యూ కట్టినప్పుడు అందర్నీ ఒకే తేదీ త్రాసులో తూయక తప్పదు. ఈ కేసు అలా కాదు కదా. హ్యాక్ లేదు, అప్పులవాళ్ళు లేరు. 0.41 నిజంగానే కుండలో ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఇవ్వడానికి తేదీ ఎందుకు, రేటు ఎందుకు?

నిబంధన_చదివా
...అది కాస్త ఆలోచించాల్సిన మాట.

మూసినతలుపు
రెండు రోజులు కనపడలేదు, క్షమించండి. కాగితంపులి అక్క చెప్పినట్టే వెతికాను. పాత వెబ్ పేజీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ సైటు పాత నిబంధనల పేజీ దొరికింది, నేను ఖాతా తెరిచిన నెలదే. "మీ ఆస్తులను మీ తరఫున భద్రపరుస్తాం, వాటిపై యాజమాన్యం మీదే" అని ఉంది. గడువు దాటితే హక్కు పోతుందన్న క్లాజు అందులో లేదు. దాన్ని నాలుగేళ్ళ తర్వాత చేర్చారు.

నిబంధన_చదివా
"వాడకం కొనసాగిస్తే కొత్త నిబంధనలు ఒప్పుకున్నట్టే" అని ఒక లైను ఉండి ఉంటుంది, చూడండి.

మూసినతలుపు
ఉంది. కానీ అన్నా, నేను ఏడేళ్ళుగా లాగిన్ కూడా కాలేదు. వాడనివాడు "వాడకం కొనసాగించాడు" ఎలా అవుతాడు?

కాగితంపులి
😀 నీ బద్ధకమే నీకు సాక్ష్యం! అది ఉత్తరంలో మొదటి పేరాలో పెట్టు. వాళ్ళు ఏ దేశంలో రిజిస్టర్ అయ్యారో ఆ దేశపు వకీలుకు ఒకసారి చూపించాకే పంపు. ఇక్కడ మేం రాసేది తీర్పు కాదు.

హాష్‌పిచ్చి
డిపాజిట్ లావాదేవీ ఐడీ జత చేయండి. ఆ డబ్బు మీ సొంత వాలెట్ నుంచి పంపి ఉంటే, ఆ కీ ఇంకా మీ దగ్గరుంటే, పంపిన చిరునామాతో ఒక సందేశం మీద సంతకం చేసి పెట్టండి. స్క్రీన్‌షాట్ ఎవడైనా తయారుచేస్తాడు, సంతకం చేయలేడు. కీ మాత్రం ఎవరికీ పంపొద్దు.

మూసినతలుపు
డబ్బు పంపిన నా సొంత వాలెట్ పదాలు పాత డైరీ వెనక అట్ట లోపల రాసుకున్నాను. ఇప్పుడే తీసి చూశాను, ఎనిమిదో పదం మీద సిరా కొంచెం అలుక్కుంది గానీ చదవొచ్చు. ఉత్తరంలో ఎంత అడగమంటారు? మూసిన రోజు రేటుకి డబ్బా, కాయిన్లా?

నిబంధన_చదివా
కాయిన్లే అడగండి. 0.41, నెట్‌వర్క్ ఫీజు మినహాయించి. రేటు మాట మీ నోటి నుంచి రానివ్వకండి, అది ఎటూ వాళ్ళే ఎత్తుతారు.