అప్‌డేట్: పాప ఫిజియోథెరపీకి దగ్గర్లోనే దారి దొరికింది (సెరిబ్రల్ పాల్సీ, పల్లెటూరు)

నాలుగు నెలల కింద ఇక్కడే అడిగాను, ఆరేళ్ల మా పాపకి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల కదలికలు అదుపులో ఉండని సమస్య), కాళ్లు బిగుసుకుపోతున్నాయి, వారం వారం సిటీకి ఫిజియోథెరపీకి తిప్పడం మా వల్ల కావట్లేదు, దగ్గర్లో ఏదైనా దారి ఉందా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా మండల కేంద్రంలో భవిత సెంటర్‌కి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వెళ్లి కనుక్కోమన్న అక్కకి. అదే పనిచేసింది.

అక్కడికి వారానికోరోజు ఫిజియోథెరపిస్ట్ వస్తారు. వ్యాయామాల కన్నా ముందు పాపని కూర్చోబెట్టే తీరు మార్చమన్నారాయన. మేం మంచం మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టేవాళ్లం, నడుం జారిపోయి కాళ్లు కత్తెరలా పడేవి. మా ఊరి వడ్రంగితో మూల కుర్చీ చేయించాం, వెనక గోడ మూలలా కలిసే రెండు పలకలు, మోకాళ్ల మధ్య చిన్న చెక్క దిమ్మ, దానికి పాత దుప్పటి చుట్టాం. మూడో వారానికి ఇడ్లీ ముక్క తన చేత్తోనే నోట్లో పెట్టుకుంది, మా అత్తయ్య ఏడ్చేసింది. శనివారాలు ఆ సెంటర్ టీచరమ్మ ఇంటికే వచ్చి అత్తయ్యకి కూడా వ్యాయామాలు నేర్పుతున్నారు.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేదని అప్పట్లో టెన్షన్ పడ్డాను కదా, సెంటర్‌లో మమ్మల్ని అది అడగనే లేదు. పింఛనుకి, వైద్య ఖర్చులకి లక్ష రూపాయల వరకు ఇచ్చే నిరామయ బీమాకి మాత్రం కావాలి, ఆ సర్టిఫికెట్ కోసం స్లాట్ బుక్ చేశాం. ఖరీదైన మసాజ్ నూనెతో ఏ తేడా రాలేదు. మడమల బిగుతు ఇంకా ఉంది, స్ప్లింట్లకి (కాలిని సరైన తీరులో పట్టి ఉంచే పట్టీలు) కొలతలు తీసుకున్నారు.