త్రీ పాయింటర్లు మరీ ఎక్కువైపోయాయా? రూల్ మార్చాల్సి వస్తే ఏది మార్చాలి?

వైజాగ్_వింగ్:
అందరికీ నమస్తే. మధురవాడ సైడ్ ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో వింగ్ ఆడతాను. ఈమధ్య మా వాళ్ళలో ప్రాక్టీస్ అయిపోయాక రోజూ ఇదే గొడవ, ఇక్కడ పెద్దవాళ్ళు, కోచ్‌లు ఉంటారు కదా అని అడుగుతున్నా.

పొద్దున్న ఐదున్నరకి అలారం పెట్టుకుని లేచి అమెరికా లీగ్ ఎన్‌బీఏ చూస్తే ఏ టీమ్ ఆట చూసినా ఒకేలా ఉంటోంది, బాల్ తెచ్చాడు, డిఫెండర్‌కి అడ్డంగా ఒకడు స్క్రీన్ వేశాడు, లోపలికి డ్రైవ్ చేశాడు, డిఫెన్స్ మూసుకోగానే బయట ఉన్నవాడికి ఇచ్చాడు, వాడు త్రీ, అంటే లైన్ బయట నుంచి మూడు పాయింట్ల షాట్, లేపాడు. పడకపోతే అవతలి వాళ్ళు రీబౌండ్ పట్టుకుని అటు పరిగెత్తి మళ్ళీ అదే. 2024-25 సీజన్‌లో ఒక్కో టీమ్ మ్యాచ్‌కి సగటున 37కి పైగా త్రీలు వేసింది, అంటే పది షాట్లలో నాలుగు పైనే బయట నుంచే. బోస్టన్ సెల్టిక్స్ అయితే మ్యాచ్‌కి 48, వాళ్ళ షాట్లలో సగం కన్నా ఎక్కువ. 1979-80లో ఎన్‌బీఏ ఈ లైన్ గీసిన మొదటి సీజన్‌లో టీమ్‌కి మ్యాచ్‌కి మూడు కూడా లేవు.

మా వాళ్ళలో ఒకడు లైన్ వెనక్కి జరపాలంటాడు, ఒకడు కోర్ట్ మూల నుంచి వేసే కార్నర్ త్రీ తీసెయ్యాలంటాడు, ఇంకొకడు మ్యాచ్‌కి ఇన్ని త్రీలే అని లిమిట్ పెట్టాలంటాడు. నాకు త్రీ అంటే ప్రాణం, నేను టీమ్‌లో ఉన్నదే దానివల్ల. కానీ మా సెంటర్ ఆరడుగుల నాలుగంగుళాలు ఉంటాడు, వాడు కూడా బాస్కెట్ దగ్గర పోస్ట్‌లోకి రాకుండా లైన్ బయట నించుని బాల్ కోసం చెయ్యెత్తుతుంటే ఏదో తప్పు జరుగుతోంది అనిపిస్తోంది. ఇది ఆట ఎదగడమా, రూల్‌లో లొసుగా?

గాజువాక_గార్డ్:
గురూ ముందు లెక్క చూడు, మిగతా గొడవంతా దాని తర్వాతే. లీగ్ మొత్తం త్రీలు 36 శాతం దగ్గర పడుతున్నాయి, అంటే ఒక్కో షాట్‌కి 1.08 పాయింట్లు. అదే లైన్‌కి ఒక్కడుగు లోపల నుంచి వేసే రెండు పాయింట్ల షాట్, లాంగ్ టూ, 40 శాతం పడినా 0.80 పాయింటే. వంద షాట్లకి 28 పాయింట్లు తేడా. ఆ టూ త్రీతో సమానం అవ్వాలంటే 54 శాతం పడాలి, చెయ్యి మొహం మీద ఉండగా అంత దూరం నుంచి 54 శాతం వేసేవాడు ఎంతమంది ఉంటారు చెప్పు. హ్యూస్టన్ రాకెట్స్‌ జనరల్ మేనేజర్ డారిల్ మోరీ ఈ లెక్కనే పట్టుకుని టీమ్ కట్టాడు, 2017-18లో టూల కన్నా త్రీలే ఎక్కువ వేసిన మొదటి టీమ్ వాళ్ళదే.

అందరూ గోల్డెన్ స్టేట్ గార్డ్ కర్రీ మార్చేశాడు అంటారు, నిజమే, 2012-13లో 272 త్రీలు కొట్టి రికార్డ్ పెట్టాడు, మూడు సీజన్లు తిరిగేసరికి 2015-16లో 402 కొట్టాడు, ఒక రికార్డ్ అంత దూరం ఎగరడం నేనెక్కడా చూడలేదు. కానీ అంతకుముందే రూల్స్ దారి వేసిపెట్టాయి. 2001-02లో జోన్ డిఫెన్స్‌కి, అంటే మనిషిని కాకుండా చోటుని కాపాడే డిఫెన్స్‌కి, పర్మిషన్ ఇచ్చారు, దాంతో పోస్ట్‌లో ఒక్కడికి బాల్ ఇచ్చి మిగతా నలుగురు చూస్తూ నించునే ఆటకి చోటు తగ్గిపోయింది. 2004-05 నుంచి హ్యాండ్ చెక్ మీద ఫౌల్ గట్టిగా ఇవ్వడం మొదలెట్టారు, అంటే చుట్టూ తిరిగే గార్డ్‌ని నడుం మీద చెయ్యి పెట్టి ఆపడానికి లేదు. గార్డ్‌కి లోపలికి దారి దొరికితే డిఫెన్స్ కుంచించుకుంటుంది, కుంచించుకుంటే బయట ఎవడో ఒకడు ఖాళీగా ఉంటాడు, ఇక త్రీ రాకుండా ఎలా ఉంటుంది. రూల్సే దీన్ని తెచ్చాయి కాబట్టి రూల్స్ మారిస్తే మళ్ళీ మారుతుంది, అందులో పాపం ఏమీ లేదు. ఏది మార్చాలన్నదే అసలు గొడవ.

ఉక్కు_సెంటర్:
ఏటి బాబూ, అన్నీ లెక్కలేనా. నేను ఉక్కునగరంలో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి, సెంటర్ ఆడేవాణ్ణి. మా రోజుల్లో బాల్ లోపలికి రాకుండా షాట్ వేస్తే కోచ్ బెంచ్ మీద కూర్చోబెట్టేసేవాడు. వీపు బాస్కెట్ వైపు పెట్టి, డిఫెండర్ బరువు ఏ భుజం మీద ఉందో చూసుకుని, అటు భుజం ఊపి ఇటు కాలు వేసి తిరిగి హుక్ వేస్తే వచ్చే ఆనందం వేరు. అది నేర్చుకోడానికి ఏళ్ళు పడుతుంది, ఇప్పుడు ఎవరికీ అంత ఓపిక లేదు, అవసరమూ లేదు.

బ్రూక్ లోపెజ్ సంగతే చూడండి. మంచి పోస్ట్ ప్లేయర్, మొదటి ఎనిమిది సీజన్లలో అన్నీ కలిపి 31 త్రీలు వేస్తే మూడు పడ్డాయి. 2016-17లో ఒక్క సీజన్‌లోనే 134 కొట్టాడు. కష్టపడి నేర్చుకున్నాడు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఏడడుగుల మనిషి లీగ్‌లో నిలబడాలంటే గార్డ్‌లాగ మారిపోవాల్సి రావడం నాకు బాధగా ఉంటది.

ఇంకోటి, త్రీ మీదే బతికితే త్రీ పడని రోజున ఏం మిగలదు. 2018 వెస్ట్ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్ వరసగా 27 త్రీలు మిస్ చేసింది, ఆ రోజు మొత్తం 44 వేస్తే పడినవి ఏడే, ఫైనల్స్ చేతిలోంచి ఎల్లిపోయింది. 2025 ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్ నిక్స్ మీద మొదటి మ్యాచ్‌లో సెల్టిక్స్ 60 వేసి 45 మిస్ చేశారు, 20 పాయింట్ల లీడ్ పోగొట్టుకుని ఓవర్‌టైంలో ఓడిపోయారు. నా మాట ఏటంటే బయట గార్డ్‌ల మీద డిఫెండర్‌ని మళ్ళీ కొంచెం చెయ్యి వెయ్యనివ్వండి. అప్పుడు డ్రైవ్ తగ్గుతాది, డ్రైవ్ చేసి బయటికి ఇచ్చే ఆ కిక్ అవుట్ త్రీలు వాటంతటవే తగ్గుతాయి. లైన్ జోలికి పోనక్కర్లేదు.

కోర్ట్_లైన్లు:
సెంటర్ గారూ మీ బాధ అర్థమైంది కానీ లైన్ జోలికి పోకుండా కుదరదండి. నేను కోర్ట్‌లకి మార్కింగ్ వేసే పని చేస్తాను, వైజాగ్‌లో, అనకాపల్లి విజయనగరం వైపు కూడా, టేప్ పట్టుకుని ఆ లైన్ గీసేవాణ్ణి కాబట్టి ఈ విషయం కొంచెం వివరంగా రాస్తాను.

ఎన్‌బీఏ కోర్ట్ వెడల్పు 50 అడుగులు. బాస్కెట్ సరిగ్గా మధ్యలో, అంటే సైడ్‌లైన్ నుంచి 25 అడుగులు. ఆర్క్, అంటే త్రీ లైన్ వంపు, బాస్కెట్ నుంచి 23 అడుగుల 9 అంగుళాల దూరం. ఆ ఆర్క్‌ని గుండ్రంగా కార్నర్ దాకా తీసుకెళ్తే సైడ్‌లైన్‌కీ దానికీ మధ్య మిగిలేది 15 అంగుళాలు, వాళ్ళ షూ సైజులకి అందులో పాదం పట్టడమే కష్టం, ఇక ఎగిరి షాట్ ఎక్కడ వేస్తారు. అందుకే కార్నర్‌లో ఆర్క్ ఆపేసి సైడ్‌లైన్‌కి మూడడుగుల దూరంలో నిలువు గీత గీశారు. దాంతో అక్కడ త్రీ దూరం 22 అడుగులే అయింది. అంటే ఒకటే మూడు పాయింట్లు, కానీ ఒక చోట 21 అంగుళాలు దగ్గర. కార్నర్ త్రీలు పైనుంచి వేసేవాటి కన్నా మూడు నాలుగు శాతం ఎక్కువ పడతాయి, ఎందుకంటే దూరమూ తక్కువ, పైగా అక్కడున్నవాడు ముందే కాళ్ళు సర్దుకుని పాస్ కోసం రెడీగా ఉంటాడు. లొసుగు అని అడిగారు కదా, నా దృష్టిలో లొసుగు ఇదొక్కటే. మిగతాది ఆట.

మన దగ్గర కొలతలు వేరు, ఇది చాలామంది గమనించరు. మనం ఆడేది అంతర్జాతీయ సంఘం ఫిబా కొలతలతో, ఆ కోర్ట్ 15 మీటర్ల వెడల్పు, ఆర్క్ 6.75, కార్నర్‌లో 6.60. తేడా 15 సెంటీమీటర్లే. ఎన్‌బీఏలో ఆ తేడా 53 సెంటీమీటర్లు. కాబట్టి ఎన్‌బీఏ చూసి మన టోర్నమెంట్లలో కార్నర్‌లో పాతుకుపోయేవాళ్ళకి ఇక్కడ ఆ డిస్కౌంట్ దాదాపు లేదు, వాళ్ళ ఆటని కాపీ కొట్టేముందు మన లైన్ ఎక్కడుందో చూసుకోవాలి.

ఇప్పుడు లైన్ వెనక్కి అంటున్నారు కదా, ఎన్‌బీఏ 25 అడుగులకి జరిపితే ఆ గీత వెళ్ళి సైడ్‌లైన్‌నే తాకుతుంది, అంటే కార్నర్ త్రీ దానంతట అదే పోతుంది. కార్నర్ ఉంచి ఇప్పటి ఆర్క్‌నే చుట్టూ సమానంగా కావాలంటే కోర్ట్‌ని మొత్తం మూడున్నర అడుగులు వెడల్పు చెయ్యాలి. మూడున్నర అడుగులంటే మాటలు కాదు, సైడ్‌లైన్ పక్కనున్న మొదటి వరస సీట్లే అరీనా మొత్తంలో ఖరీదైనవి, వాటి జోలికి ఏ ఓనర్ వెళ్తాడు. అందుకే నేను వెడల్పు వాదన వదిలేసి 25 అడుగులకే ఓటేస్తాను. త్రీ కావాలంటే పైనుంచి వెయ్యాలి, కష్టమైన షాట్‌కి మూడు పాయింట్లు ఇవ్వడంలో న్యాయం ఉంది.

గాజువాక_గార్డ్:
అన్నా కొలతలు అదిరిపోయాయి, ఫిబా 15 సెంటీమీటర్ల సంగతి నిజంగా నేనెప్పుడూ ఆలోచించలేదు. కానీ కార్నర్ తీసేస్తే ఏమవుతుందో చూడండి. ఇప్పుడు కార్నర్‌లో ఒక షూటర్ ఉన్నాడంటే అతని డిఫెండర్ అక్కడే కట్టుబడి ఉంటాడు, వాడు వదిలి వస్తే త్రీ పడుతుంది. ఆ షాట్ టూ అయిపోతే డిఫెండర్‌కి భయం లేదు, రెండడుగులు లోపలికి వచ్చి డ్రైవ్‌కి అడ్డం నించుంటాడు. అప్పుడు లేఅప్‌లు, డంక్‌లు తగ్గుతాయి. అంటే మనం త్రీ తగ్గించబోయి బాస్కెట్ దగ్గరి ఆటని కూడా చంపేస్తాం, అప్పుడు సెంటర్ గారు ఇంకా బాధపడతారు.

లైన్ జరిపితే అనుకున్నదే జరుగుతుందని గ్యారంటీ కూడా లేదు. 1994-95లో ఎన్‌బీఏ లైన్‌ని చుట్టూ 22 అడుగులకి దగ్గర చేసింది, స్కోరింగ్ పెంచుదామని. త్రీలు పది దగ్గర నుంచి పదిహేను దాటిపోయాయి, స్కోర్ మాత్రం పెరగలేదు, 1996-97కి టీమ్ సగటు 97 కిందకి దిగిపోయింది. తర్వాత సీజన్‌లో మళ్ళీ పాత చోటికే జరిపేశారు. కర్రీ, లిల్లార్డ్ లాంటి దూరం షూటర్లకి 25 అడుగులైనా 28 అయినా పెద్ద తేడా లేదు, దెబ్బ తగిలేది మామూలు షూటర్లకే.

ఇక మ్యాచ్‌కి ఇన్నే త్రీలు అన్న లిమిట్, అది మాత్రం వద్దురా బాబూ. కోటా అయిపోయి, పది సెకన్లు ఉండి, మూడు పాయింట్లు వెనకపడి ఉంటే ఇక ఆడేదేముంది, ఇంటికెళ్ళిపోవడమే. వెనకపడినవాడికి ఆశ ఇచ్చే షాట్‌ని లాక్కోవడం అది.

పీఈటీ_మేడమ్:
ఎన్‌బీఏ వాళ్ళు వాళ్ళకి కావాల్సింది చేసుకుంటారు, నా దిగులు ఇక్కడి పిల్లల గురించి. నేను స్కూల్ గర్ల్స్ టీమ్‌ని చూస్తాను. పన్నెండేళ్ళ పిల్లలు కోర్ట్‌లోకి రాగానే వార్మప్ లేదు లేఅప్ లేదు, నేరుగా లైన్ దగ్గరకెళ్ళి నడుం దగ్గర నుంచి రెండు చేతులతో బాల్‌ని విసురుతారు. బలం సరిపోదు కదా, అందుకని మోచెయ్యి పక్కకి పోతుంది, మణికట్టు తిరగదు, ఆ అలవాటు ఒకసారి పడితే పదహారేళ్ళకి మాన్పించడం నరకం. పైగా మనవి ఎక్కువగా ఓపెన్ కోర్ట్‌లు, మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి మొదలైతే ఎత్తుగా లేపిన త్రీ ఎటు పోతుందో తెలీదు, లేఅప్‌కి ఆ గొడవ ఉండదు. బీచ్‌కి దగ్గర్లో ఆడినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

అలా అని నేను త్రీకి వ్యతిరేకం కాదు. మా టీమ్‌లో ఒక పాప ఉంది, అయిదడుగులు కూడా లేదు, పొడుగు పిల్లల మధ్యలో దానికి లోపల చోటే లేదు, త్రీ ఉండబట్టే అది ఆడుతోంది. పారిస్ ఒలింపిక్స్ ఫైనల్‌లో ఫ్రాన్స్ మీద కర్రీ ఎనిమిది త్రీలు కొట్టిన రోజు మర్నాడు గ్రౌండ్‌కి వచ్చి ఆ పాప వంద ప్రశ్నలు అడిగింది. ఆ మెరుపు పిల్లల కళ్ళల్లోంచి తీసెయ్యకూడదు.

నేను చేసేది ఇది. మా ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో బాల్ ఒకసారైనా బాస్కెట్ ముందున్న పెయింట్ గడిలోకి వెళ్ళి, అంటే డ్రైవ్ మీదో పాస్ మీదో, తర్వాత బయటికి వస్తేనే త్రీకి మూడు ఇస్తాను, లేకపోతే రెండే. దీంతో పోస్ట్‌లో ఉన్న అమ్మాయికి బాల్ అందుతోంది, తనకీ తిరిగి చూసి పాస్ ఇవ్వడం అలవాటైంది, షూటర్లకీ మంచి షాట్లు దొరుకుతున్నాయి. మ్యాచ్ రూల్ కాదిది, నేర్పడానికి వాడే రూల్. ఇంకో మాట, ముగ్గురేసి ఆడే త్రీ ఎక్స్ త్రీ ఆడించేవాళ్ళు జాగ్రత్త, అందులో లోపల ఒకటి బయట రెండు, అంటే బయట షాట్ విలువ సరిగ్గా డబుల్, 30 శాతం వేస్తే చాలు లోపల 60 శాతంతో సమానం. అక్కడ పెరిగిన పిల్లలు అయిదుగురి ఆటకి వచ్చాక కూడా అలాగే ఆడతారు.

ఉక్కు_సెంటర్:
మేడమ్ గారూ, ఆ పెయింట్ టచ్ రూల్ చాలా బాగుందండి, మా కాలనీ పిల్లలకి నేనూ పెడతాను. గార్డ్ బాబూ, నీ కార్నర్ మాట ఒప్పుకుంటాను, డిఫెండర్ లోపలికి వచ్చేస్తే మాకే నష్టం. కానీ పోస్ట్ ఆట చచ్చిపోయిందని మాత్రం అనను, డెన్వర్ సెంటర్ యోకిచ్ మూడు సార్లు ఎంవీపీ, అంటే లీగ్ బెస్ట్ ప్లేయర్, అయ్యాడు, ఫ్రీ త్రో లైన్ చివర ఎల్బో దగ్గర బాల్ పట్టుకుని నలుగురినీ ఆడిస్తాడు. 2025లో ఎంవీపీ, ఛాంపియన్ రెండూ అయిన షాయ్ గిల్జస్ అలెగ్జాండర్ బతికేదే లైన్ లోపల నుంచి వేసే మిడ్‌రేంజ్ షాట్ల మీద. లెక్క అందరికీ ఒకటే కావచ్చు, అందరూ ఒకేలా ఆడాలని లేదు.

వైజాగ్_వింగ్:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. నాకు ఇప్పుడు అనిపిస్తున్నది చెప్తాను. త్రీ విలువ మూడే ఉండాలి, లిమిట్ వద్దు. ఎన్‌బీఏలో 53 సెంటీమీటర్ల తేడా మాత్రం నాకు న్యాయంగా లేదు, డిఫెండర్లు లోపలికి వచ్చేస్తారని గార్డ్ అన్న చెప్పిన భయం నిజమే అయినా ఎన్‌బీఏ కింది లీగ్ జీ లీగ్‌లో ఒక సీజన్ పెట్టి చూడొచ్చు కదా, రెండు మూడు ఫ్రీ త్రోల బదులు ఒక్కటే వేయించే రూల్ అక్కడే పెట్టి చూశారు, దీనికీ అదే దారి.

మా టీమ్‌కి మాత్రం ఈ ఆదివారం నుంచి మేడమ్ గారి పెయింట్ టచ్ రూల్ పెడుతున్నాం, సెంటర్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. కోర్ట్_లైన్లు అన్నా, మా కాలేజీ కోర్ట్‌లో పాత 6.25 గీత, కొత్త 6.75 గీత రెండూ ఒకే రంగులో ఉన్నాయి, సగం మంది పాత గీత మీద నించుని త్రీ అంటున్నారు, దాన్ని చెరపడానికి ఏం చెయ్యాలి?

కోర్ట్_లైన్లు:
చెరపొద్దు తమ్ముడూ, సిమెంట్ కోర్ట్ అయితే గీకితే పైపొర లేచిపోతుంది. కోర్ట్ రంగు పెయింట్‌నే పాత గీత మీద రెండు పూతలు వెయ్యండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. వేసేముందు ఇసక, దుమ్ము ఊడ్చి నీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వాలి, మన ఉప్పుగాలికి అది చెయ్యకపోతే నెలకే పెచ్చులు లేస్తుంది. కొలిచేటప్పుడు బోర్డ్ కింద నుంచి కాదు, రింగ్ మధ్య నుంచి దారానికి బరువు కట్టి కిందకి వదిలి, అది నేల తాకిన చోటు నుంచి 6.75 పట్టండి. టేప్ లైన్ బయటి అంచుకి రావాలి. చాలా కోర్ట్‌లలో తప్పు జరిగేది అక్కడే.