ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇన్ని వైన్ డొమైన్లేంటి?

ప్రశ్న (లియోన్ తెలుగోడు): వచ్చే నెల ఫ్రెండ్స్‌తో ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరున్న బర్గండీ ప్రాంతానికి వెళ్దామనుకుంటున్నాం, పెద్ద కంపెనీలు వద్దు, ఇంటోళ్లే నడుపుకునే ఎస్టేట్ ఒకటి చూడాలని ఆశ. అక్కడి మెర్సో ఊరి లిస్టు తీస్తే ఒకే ఇంటిపేరుతో నాలుగైదు డొమైన్లు (వైన్ ఎస్టేట్లు) ఉన్నాయి, ముందు పేరొక్కటే తేడా. వీటిలో ఒకటి అసలుది, మిగతావి డూప్లికేట్లా? పైగా లేబుల్ మీద ద్రాక్ష పేరే ఉండట్లేదు, ఏం కొంటున్నామో ఎలా తెలుస్తుంది?

పినో పిచ్చి: డూప్లికేట్ కాదు బ్రో, అన్నదమ్ముల పంపకాలు 😄 1804లో నెపోలియన్ సివిల్ కోడ్ వచ్చాక ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాల్సిందే, తాత తోట కొడుకుల దగ్గర నాలుగు ముక్కలై, మనవళ్ల దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కరికి కొన్ని వరసలే మిగుల్తాయి. గీత పెట్టి రెండు ఇంటిపేర్లు కలిపినవి కనిపిస్తే అక్కడ చాలావరకు పెళ్లితో రెండిళ్ల తోటలు కలిశాయన్నమాట. క్లో ద వూజో సంగతి ఇంకా తమాషా, చుట్టూ గోడ ఉన్న 50 హెక్టార్ల తోట, మొదట సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసులది, తర్వాత చేతులు మారినా 1889లో అమ్మేదాకా ముక్కలవకుండా ఉంది, ఇప్పుడు 80 మంది దాకా ఉన్నారు. అందరి సీసా మీదా అదే పేరు, రుచి మాత్రం ఎవరిది వాళ్లదే. అందుకే తోట పేరు చూసి మురిసిపోకుండా చేసినోళ్ల పేరు చూడు. ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతం బోర్డోలో ఇలా కాదు, అక్కడ షాటో (ఎస్టేట్) పేరే బ్రాండు.

సెల్లార్ సుబ్బు: ద్రాక్ష సంగతి నేను చెప్తా. 1935 నుంచి ఆపలాసియోన్ రూల్స్ (ఏ ఊరి, ప్రాంతం పేరు ఏ వైన్‌కి పెట్టొచ్చో చెప్పేవి) ఉన్నాయి, ఏ ఊరి పేరు వేస్తే ఏ ద్రాక్ష వాడాలో అందులోనే ఉంటుంది. అందుకే తెల్ల మెర్సో అంటే షార్డొనే అని అక్కడోళ్లకి చెప్పక్కర్లేదు, ఎర్రదైతే పినో న్వార్. ఇంటోళ్లే సీసాలో నింపారా అనే డౌటుంటే లేబుల్ మీద ‘మిజ్ ఆం బుతెయ్ ఓ డొమేన్’ అని ఉందేమో చూడండి. అది లేదని వైన్ చెడ్డదనేం కాదు, ద్రాక్షో వైనో బయట కొని తమ పేరుతో అమ్మే నెగోసియాంలలోనూ మంచోళ్లున్నారు, ఈ విషయంలో జనం ఊరికే చిన్నచూపు చూస్తారు.

పినో పిచ్చి: ఒప్పుకుంటా, కానీ ఆయనకి కావాల్సింది ఫ్యామిలీ ఎస్టేట్ కదా.

బుర్రిపాలెం బాబాయ్: ముందు ఫోన్ చేసి వెళ్లు బాబూ, చిన్న డొమైన్లో తోట పని, సెల్లార్ పని, లెక్కలు అన్నీ ఇంట్లో ఇద్దరు ముగ్గురే చూసుకుంటారు, చెప్పకుండా పోతే తలుపు తీసేవాళ్లుండరు. కోతలప్పుడైతే అసలు అడగొద్దు, సాధారణంగా సెప్టెంబర్‌లో పడతాయి. కింద సెల్లార్‌లో 228 లీటర్ల చెక్క పీపాలుంటాయి, మూడ్ బాగుంటే పీపాలోంచే తీసి రుచి చూపిస్తారు. రుచి చూశాక ఉమ్మేయడం అక్కడ మర్యాదే, నేను మొదటిసారి సిగ్గుపడి అన్నీ మింగేశాను, ఐదో గ్లాసుకొచ్చేసరికి ఎరుపేదో తెలుపేదో కూడా పట్టింపు లేదు. వచ్చేటప్పుడు రెండు సీసాలైనా కొను, వాళ్ల గంట టైమ్ తీసుకున్నావుగా. కారు నడిపితే లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలే లిమిట్.

లియోన్ తెలుగోడు: థాంక్స్ అందరికీ! మా గ్యాంగ్‌లో ఒకడున్నాడు, వాడు చచ్చినా ఉమ్మడు, అందుకే కారొద్దు, ట్రైన్‌లో దగ్గర్లోని బోన్ ఊళ్లో దిగి అక్కణ్నుంచి సైకిళ్ల మీద మెర్సో పోదాం అనుకుంటున్నాం.

బుర్రిపాలెం బాబాయ్: సైకిల్‌కీ అదే లిమిట్ నాయనా 😂