ట్రాన్సిస్టర్‌ను స్క్రూలతో బిగించాలా, టంకం పెట్టాలా?

ప్రశ్న:
50 మెగాహెర్ట్జ్‌కు కిలోవాటు యాంప్లిఫయర్ కడుతున్నాను. ఎల్‌డీమాస్ (ఎక్కువ పవర్ ఉన్న రేడియో యాంప్లిఫయర్లలో వాడే రకం) ట్రాన్సిస్టర్‌కు థర్మల్ పేస్టు రాసి రాగి పలక మీద రెండు స్క్రూలతో బిగించాను. కొద్ది రోజులకే పవర్ తగ్గసాగింది. విప్పి చూస్తే పేస్టు ఒక పక్క పలచగా, మరో పక్క మందంగా ఉంది. అవుట్‌పుట్ కెపాసిటర్‌ను గ్రౌండుకు కలిపే ఇనుప స్క్రూ చుట్టూ బోర్డు గోధుమరంగుకు మాడింది. స్టెయిన్‌లెస్ స్క్రూలు వేస్తే సరిపోతుందా?

జవాబు:
సరిపోదు. స్క్రూ ఉన్నది నొక్కిపట్టడానికి, ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటును మోయడానికి కాదు. 50 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగిలో పైపొర 9 మైక్రాన్ల లోతులోనే పారుతుంది. ఇనుము అయస్కాంత లోహం కాబట్టి అందులో ఆ పొర ఇంకా పలచన, వేడి ఎక్కువ. స్టెయిన్‌లెస్ నిరోధమేమో రాగికి నలభై రెట్లు. అక్కడ వెడల్పాటి రాగి రేకును టంకంతో అతకండి. స్క్రూ తప్పనిసరైతే ఇత్తడిది వాడండి.

ట్రాన్సిస్టర్‌కు మాత్రం నేను స్క్రూలు పూర్తిగా మానేశాను. దాని అడుగుభాగమే సోర్సు, అంటే గ్రౌండుకు కలిసే కొస. వేడీ, కరెంటూ అటే దిగాలి. పలకకు రంధ్రాలూ మరలూ ముందే వేసుకుని, దాని మీద టంకం, ఆపైన ట్రాన్సిస్టర్ ఉంచి, హాట్‌ప్లేటు మీద మెల్లగా వేడి చేయండి. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న టంకం 183 డిగ్రీలకు కరుగుతుంది. కరగగానే ట్రాన్సిస్టర్ నూనె మీద తేలినట్టు జారుతుంది. అప్పుడు చెక్కపుల్లతో పైనుంచి నొక్కుతూ అటూ ఇటూ ఒక మిల్లీమీటరు కదిపితే గాలిబుడగలు బయటికి వస్తాయి. నాలుగు అంచుల వెంటా వెండిలాంటి గీత మెరిసిందా, వెంటనే హాట్‌ప్లేటు ఆపేయండి. చల్లారేదాకా దాన్ని తాకవద్దు.

మరొకరి జవాబు:
రాగి పలకను అల్యూమినియం హీట్‌సింక్‌కు (వేడిని గాలిలోకి వదిలే దిమ్మకు) బోల్టులతోనే బిగించండి. వేడికి అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి, గిన్నె ఆకారపు బెల్‌విల్ వాషర్లు వేస్తే పట్టు సడలదు. చీలిక ఉన్న స్ప్రింగ్ వాషర్లు బిగించగానే చదునైపోతాయి, వాటిని నమ్మవద్దు. అల్యూమినియంలో ఎం4 బోల్టుకు 8 మిల్లీమీటర్ల మర దిగాలి.

ఇంకొకటి: పాత ట్రాన్సిస్టర్లలో బెరీలియం ఆక్సైడు ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. చదును చేద్దామని వాటిని ఆకురాయితో అరగదీయకండి.

ప్రశ్న అడిగినవారు:
టంకం పెట్టాక ట్రాన్సిస్టర్ కాలిపోతే ఎలా తీయాలి?

జవాబు:
బోర్డు తీసేసి, పలకను హీట్‌సింక్ నుంచి విప్పి మళ్లీ హాట్‌ప్లేటు మీద పెట్టాలి. ఆ పెద్ద హీట్‌సింక్‌తో కలిపి వేడి చేయడం అయ్యే పని కాదు. అందుకే అక్కడ బోల్టులు.