జెనోపస్ కప్ప పిండాల్లో క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్ష): 7వ దశలోనే ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగినట్టు ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: జెనోపస్ లేవిస్‌లో గుడ్డులోంచి వచ్చే ఒక ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏ), ఫలదీకరణ కాని గుడ్డుతో పోలిస్తే 7వ దశలో 4 రెట్లు చూపిస్తోంది. పిండం సొంత జన్యువులు 12వ విభజన తర్వాత, దాదాపు 4,000 కణాలప్పుడు కదా జోరందుకునేది? 7వ దశ అంతకు ముందే. దశకు 5 పిండాలు, ట్రైజాల్ (ఆర్‌ఎన్‌ఏను బయటికి తీసే ద్రావణం), ఆలిగో-డీటీ ప్రైమర్‌తో (ఎంఆర్‌ఎన్‌ఏ చివరి పాలీ-ఏ తోకకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) సీడీఎన్‌ఏ, అంటే ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు, ఓడీసీ జన్యువును ప్రమాణంగా పెట్టుకుని నార్మలైజేషన్. లోపం ఎక్కడ?

జవాబు 1: అనుమానం ఆలిగో-డీటీ మీదే. గుడ్డులో చాలా ఎంఆర్‌ఎన్‌ఏలకు పాలీ-ఏ తోక పొట్టిగా ఉంటుంది, తర్వాత పొడవవుతుంది. అణువులు అన్నే ఉన్నా ప్రైమర్‌కు ఎక్కువ అతుక్కుంటాయి. అదే ఆర్‌ఎన్‌ఏను రాండమ్ హెక్సామర్లతో (తోకతో పనిలేకుండా ఎక్కడైనా అతుక్కునే ప్రైమర్లు) మళ్లీ చేయండి. పెరుగుదల మాయమైతే అది తోక మహిమే. అయితే ఆ దశలో అసలేమీ మొదలవదని అనుకోకండి, ఎక్స్‌ఎన్‌ఆర్5 లాంటి జన్యువులు 256 కణాలప్పుడే మొదలవుతాయి.

జవాబు 2: ఓడీసీ తోక కూడా మారొచ్చు, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. కప్పలో లేని బయటి ఆర్‌ఎన్‌ఏను పిండానికి ఇంతని లెక్కగట్టి, ట్రైజాల్‌లో నలిపేటప్పుడే కలపండి. ఆర్‌ఎన్‌ఏ కొలిచాక కలిపితే దారిలో పోయినదాని లెక్క తేలదు.

జవాబు 3: సొన, గ్లైకోజెన్ కూడా వెంట వస్తాయి, ఆర్‌టీ ఎంజైమ్ (ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏగా మార్చేది) సరిగా నడవదు. ఆర్‌ఎన్‌ఏను శుద్ధి చేయడానికి 2.5 మోలార్ లిథియం క్లోరైడ్, మైనస్ 20 డిగ్రీల్లో అరగంట, 4 డిగ్రీల్లో స్పిన్. ఆపైన 70% ఇథనాల్‌తో రెండుసార్లు కడగాల్సిందే. మిగిలిన లిథియం క్లోరైడ్ ఆర్‌టీని అడ్డుకుంటుంది. లేవిస్‌లో చాలా జన్యువులకు ఎల్, ఎస్ అని రెండు ప్రతులుంటాయి, మీ ప్రైమర్ దేనికి అతుకుతోందో చూశారా?