“చర్చి ఫలానా ఏడాది స్థాపించారు” – ఇందులో చర్చి అంటే ఏది?

ప్రశ్న: ఒక చిన్న నగరంలోని మతసంస్థల చరిత్ర రాస్తున్నాను. ఇంగ్లీషు రికార్డుల్లో అన్నిచోట్లా చర్చి అనే ఉంది. నేనూ అదే రాసుకుంటూ పోవచ్చా? సంఘం అని రాస్తే రైతుసంఘమో కులసంఘమో అనుకుంటారని నా భయం.

జవాబు: సంఘం అనే రాయండి. కాకపోతే ప్రతిచోటా కాదు. ఆ ఒక్క ఇంగ్లీషు మాట మూడింటిని మోస్తోంది: కూడిన మనుషులు, వాళ్లు కూడే కట్టడం, ఊరూరా ఉన్నవాళ్లను కలిపి నడిపే వ్యవస్థ. తెలుగునేల మీద వీటిని విడదీసి చెప్పడం కొత్తేమీ కాదు. పదో శతాబ్దంలో తూర్పు చాళుక్య రెండో అమ్మరాజు ఇచ్చిన మలియపూండి శాసనం చూడండి. కట్టడం పేరు కటకాభరణ జినాలయం. దాని బాధ్యత చూసే ముని యాపనీయ సంఘం అనే జైన శాఖలో, నందిగచ్ఛ అనే ఉపశాఖ వాడు. గుడి వేరు, సంఘం వేరు. రాయించినవాళ్లకు ఎక్కడా తికమక లేదు.

బైబిల్ అనువాదకులు ఈ మాటనే తీసుకున్నారు. “ఈ బండమీద నా సంఘమును కట్టుదును” అన్న వాక్యంలో ‘కట్టుదును’ ఉన్నా, చదివేవాడికి ఇటుకలూ సున్నమూ గుర్తుకు రావు. అదే చోట చర్చి అని పెట్టి చదవండి, శిఖరంతో సహా భవనం కళ్లముందు నిలుస్తుంది. మీ భయానికి నా సమాధానం ఇదే. రైతుసంఘం అనుకుంటారేమో అన్న చిక్కు వాక్యంలో తీరిపోతుంది. సంఘకాపరి, సంఘపెద్దలు అన్న మాటలు పక్కన పడగానే ఏ సంఘమో ఎవరికైనా తెలుస్తుంది.

అసలు ప్రమాదం తేదీల దగ్గర ఉంది. మచిలీపట్నమే తీసుకోండి. నోబుల్, ఫాక్స్ అనే సి.ఎం.ఎస్. (చర్చి మిషనరీ సొసైటీ) మిషనరీలు వచ్చింది 1841లో. నోబుల్ బడి పెట్టింది 1843లో. ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకున్నది 1852లో. “1841లో చర్చి స్థాపించారు” అని రాస్తే ఈ పదకొండేళ్లూ ఒక్క ముద్దగా కలిసిపోతాయి. మిషను వచ్చింది, బడి పెట్టారు, సంఘంలో చేరారు, మందిరం కట్టారు: నాలుగు సంగతులకు నాలుగు క్రియలున్నాయి. తెలుగులో రాసేవాడికి ఉన్న ఈ సదుపాయాన్ని వదులుకోకండి. గుంటూరులోనూ ఇంతే. లూథరన్ మిషనరీ హయ్యర్ అక్కడికి చేరింది 1842లో, ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది 1927లో. నడుమ ఎనభై అయిదేళ్లు.

ఇంకో సూక్ష్మం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఏకవచనమా బహువచనమా అన్నది గమనించండి. లూథరన్లు, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం వారు మొత్తం వ్యవస్థను ‘సంఘం’ అని ఏకవచనంలో అంటారు. బాప్తిస్టులకు ఏ ఊరి సంఘం ఆ ఊరిదే, స్వతంత్రం. అందుకే 1962లో అందరూ కలిసి పెట్టుకున్న సంస్థకు సంఘం అని కాక సమావేశం అని పేరు: తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశం. ఎవరి సిద్ధాంతం ఏమిటో ఆ ‘ముల’ దగ్గరే తెలిసిపోతుంది. మీరు పొరపాటున ‘బాప్తిస్టు సంఘం’ అని మొత్తానికి వాడితే వాళ్ల చరిత్రకే అన్యాయం జరుగుతుంది.

కతోలికులది మరో దారి. వాళ్లకది శ్రీసభ. ఒక గురువు చూసుకునే పరిధి విచారణ, ఆయన విచారణ గురువు. ఇక్కడ మాత్రం ఒక్క వాక్యం వివరణ తప్పకుండా ఇవ్వండి, లేకపోతే కోర్టు విచారణ అనుకుంటారు.

బ్రహ్మసమాజం దారిలో నడిచినవారు సమాజం అన్నారు. వీరేశలింగం గారు 1878లో రాజమండ్రిలో పెట్టింది ప్రార్థన సమాజం.

మరొకరు: మరి మసీదుల దగ్గర ఏం చేయాలి? అక్కడ సంఘం అనడం వినలేదు.

జవాబు: అక్కడ మసీదులో కూడే జనాన్ని జమాత్ అంటారు. ఆ మాటనే ఉంచాలి, అనువదించకూడదు. జమాత్, జుమ్మా, జామియా మసీదు, మూడూ ‘పోగుచేయడం’ అనే అర్థమున్న ఒకే అరబీ ధాతువు పిల్లలు. మన పద్దుపుస్తకాల్లోని ‘జమ’ కూడా దాని సంతానమే. ఇటు తెలుగు చూడండి. కూడు అన్న క్రియ నుంచి కూడిక వచ్చింది. బడిలో అది లెక్క, ప్రొటెస్టంట్ల ఇళ్లలో ప్రార్థనకు చేరడం. సంబంధం లేని రెండు భాషలు, అంకెలు కలపడానికీ మనుషులు కలవడానికీ ఒకే మూలం పట్టుకున్నాయి. ఇది మొదట తట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మరొకరు: వైష్ణవాలయాల్లో ఆళ్వార్ల దివ్యప్రబంధం చదివేవారిని గోష్ఠి అంటాం. దాన్ని మరిచారు.

జవాబు: నిజమే, అందరికంటే ముందు చెప్పాల్సింది అదే. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో దొరికిన ధాతుపేటికల (పవిత్ర అవశేషాలు దాచిన పెట్టెల) మీద, క్రీస్తుపూర్వపు అక్షరాల్లో, ‘గోఠి’ అని ఉంది. గోష్ఠికి అది ప్రాకృత రూపం. ఒక గోఠి వారు మంజూష (పెట్టె), సముద్గం (భరిణె) ఇచ్చారని చెక్కారు. సింహగోష్ఠికి ‘పాముఖుడు’గా, అంటే ప్రముఖుడిగా, కుబీరకుడనే రాజు పేరుంది. బౌద్ధ ధాతువులకు పెట్టెలు చేయించిన బృందానికీ, ఈనాడు పెరుమాళ్ల ముందు పాశురాలు చదివే బృందానికీ పేరొకటే. ప్రశ్న అడిగినవారు తమ పుస్తకంలో ఆలయాల అధ్యాయం రాసేటప్పుడు ట్రస్టు బోర్డుతో ఆగిపోకుండా, ఆ గోష్ఠిలో ఎవరెవరు కూర్చునేవారో కూడా రాయాలని నా కోరిక.